పదకొండో నంబరు ఇంటి సున్నం

కౌన్సిల్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని వెర్నా పాస్కో మూడుసార్లు చదివింది. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది అదే. స్మెల్టర్ రోలోని పదకొండో నంబరు ఇంటి గోడలకు వేసిన తెల్లసున్నం ఆ వీధి చారిత్రక స్వరూపానికి విరుద్ధంగా ఉందట. మిగతా పది ఇళ్ళలాగే ఈ ఇల్లు కూడా అసలు రాతి రూపంలో కనిపించాలట. అందుకని అరవై రోజుల్లోగా ఇసుకను గాలితో కొట్టే యంత్రం తెప్పించి సున్నమంతా ఊడగొట్టించాలట. అభ్యంతరాలుంటే నవంబరు సమావేశంలో వారసత్వ కమిటీ ముందు చెప్పుకోవచ్చట.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లోనే ఆమె పుట్టింది. ఆ గోడలకు తాత సున్నం వేశాడు, తండ్రి వేశాడు, ముప్ఫై ఏళ్ళకు పైగా తనే వేస్తోంది. ఆ వీధికి ఏది చారిత్రకమో ఆమెకు నేర్పడానికి బయల్దేరిన పెద్దమనుషుల్లో సగంమంది దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈ ప్రూడెన్స్ ఊరి మొహం చూసి పదేళ్ళు కాలేదు. కమిటీ అధ్యక్షుడు గ్రేమ్ లిండ్‌క్విస్ట్ అడిలైడ్‌లో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరై, ఎనిమిదేళ్ళ కిందట నాలుగో నంబరు ఇల్లు కొనుక్కుని వచ్చాడు. ఉన్న పళ్ళన్నీ గీకడం అయిపోయి ఇప్పుడు గోడల మీద పడ్డాడని వెర్నా అనేది.

స్మెల్టర్ రో కట్టింది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కూలీలు. రాగి తవ్వగా మిగిలిన చెత్త రాయితోనే కట్టుకున్నారు, కంపెనీ మంచి రాయి ఇవ్వలేదు కాబట్టి. అది మెత్తని రాయి, గోరుతో గీరితే పొడి రాలుతుంది. పైగా ఈ నేల నిండా ఉప్పు. వానాకాలంలో తేమతోపాటు ఉప్పు గోడలోకి ఎక్కుతుంది, ఎండాకాలంలో బయటికి వస్తూ దారిలో ఏది దొరికితే దాన్ని తింటుంది. గోడ మీద సున్నం ఉంటే సున్నాన్ని తింటుంది, లేకపోతే రాయిని తింటుంది. ఇది తెలుసుకోవడానికి ఆ కూలీలకు ఏ డిగ్రీ అక్కర్లేకపోయింది. ఉప్పు తినేసిన సున్నాన్ని ఏటా మళ్ళీ వేసుకునేవాళ్ళు, అంతే.

ఎండాకాలం మొదలయ్యే డిసెంబరు మొదటి శనివారం వీధి వీధంతా సున్నం వేసేది. దానికి ఏర్పాట్లు ఆర్నెల్ల ముందే మొదలయ్యేవి. ఆదివారం గొర్రె మాంసం కాల్చినప్పుడు కారిన కొవ్వును ప్రతి ఇల్లాలూ డబ్బాలో వడకట్టి దాచేది. శుక్రవారం పొద్దున పీపాల్లో కాల్చిన సున్నంరాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేవి. ఆ వేడిలోనే పదకొండు ఇళ్ళ కొవ్వూ కుమ్మరించి కలిపేవాళ్ళు. కొవ్వు కలిసిన సున్నాన్ని వాన కడగలేదు. రెండు రోజులు వీధంతా కంపు కొట్టేది, ఆ కంపును ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. కొవ్వు ఇవ్వని ఇంటివాళ్ళను మాత్రం ఏడాదంతా దెప్పేవాళ్ళు.

వెర్నా తండ్రి విల్ఫ్ ట్రెజైస్ తాపీమేస్త్రీ. కొడుకులు లేరు. పన్నెండో ఏట నుంచి కూతుర్నే వెంట తీసుకుపోయాడు. సున్నం ఎంతసేపు నానాలో, ఇసుక ఎక్కడిది తేవాలో, రాయిని ఏ ముఖం పైకి పెట్టి పేర్చాలో ఆమెకు అలా పట్టుబడింది. ఇరవై దాటేసరికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆమెలాగా గోడ నిలబెట్టేవాళ్ళు లేరు. అయినా పని అడగడానికి వచ్చినవాళ్ళు ఆమెను దాటుకుని లోపలికి పోయి విల్ఫ్‌తో మాట్లాడేవాళ్ళు. పని ఆమెది, పేరు ఆయనది. గోధుమ గోదాములో పనిచేసే కోల్ పాస్కోను పెళ్ళి చేసుకున్నాక కూడా అదే తంతు. ఆమె భరించింది గానీ ఆ మంట లోపల ఉండనే ఉంది.

ఉత్తరం వచ్చిన సాయంత్రం డెస్ హాకింగ్ వచ్చాడు. ఆరో నంబరులో ఉంటాడు, కోల్ బతికుండగా అతని జతగాడు. యాభై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించి నడుము ఒంగిపోయింది గానీ నోరు ఒంగలేదు. వంటింటి బల్ల దగ్గర ఉత్తరం చదివి పక్కన పెట్టాడు.

"అరవై రోజులా? నీకింకా నయం. నాకు డాక్టరు ఆర్నెల్లన్నాడు, అదీ పోయినేడు" అన్నాడు.

"నవ్వులాట కాదు డెస్. ఆ యంత్రం పెట్టారంటే పదేళ్ళలో గోడ పొడైపోద్ది. నీ గోడ చూస్కో."

డెస్ గోడ చూసుకోవాల్సిన పని లేదు. తొంభైల్లో అతని పెళ్ళాం ముచ్చటపడి ఆరో నంబరు సున్నం గీకించింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వాకిలి ఊడిస్తే చేటెడు రాతిపొడి వస్తుంది. మిగతా ఇళ్ళదీ అదే కథ. రాళ్ళ సందుల్లో సిమెంటు కూరారు, దాంతో ఇంకా పాడయ్యాయి.

"మరి వెళ్ళి చెప్పెయ్" అన్నాడు డెస్.

"ఏం చెప్పను?"

"ఒకటో నంబరు సంగతి."

వెర్నా కెటిల్ పొయ్యి మీద పెట్టి అటే తిరిగి నిలబడింది. "అది నా నోట రాదు. నేను చచ్చేదాకా రాదు."

"అయితే మీ నాన్న గోడ నీకంటే ముందు చస్తది" అన్నాడు డెస్. టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ఒకటో నంబరు సంగతి ఇది. 1988లో, తెల్లవాళ్ళు వచ్చి రెండొందల ఏళ్ళయిందని దేశమంతా పండగ చేసుకుంటోంది. కౌన్సిల్ వీధి మొదట్లో ఉన్న ఒకటో నంబరు ఇల్లు కొని మ్యూజియం చేద్దామనుకుంది. పాతకాలపు ఇల్లంటే రాళ్ళు కనిపించాలి, సున్నం వేసి ఉంటే కోళ్ళగూడులా ఉంటుందని అప్పటి కౌన్సిల్ పెద్దలకు తోచింది. ఆ పని వాళ్ళు విల్ఫ్‌కు చెప్పలేదు, నేరుగా వెర్నాకే చెప్పారు. కాంట్రాక్టు ఆమె పేరున, గేటు ముందు బోర్డు ఆమె పేరున. వి. పాస్కో, తాపీమేస్త్రీ అని రెండడుగుల అక్షరాలు. ముప్ఫై ఆరేళ్ళు వచ్చాయి, తన పేరు ఒక పని మీద చూసుకోవడం అదే మొదలు. చేయకూడని పని అని ఆమెకు తెలుసు. ఆ తెలిసిన సంగతిని ఒక బోర్డు కోసం పక్కన పెట్టింది.

పదకొండు రోజులు యంత్రం పట్టుకుని కొట్టింది. కొన్ని చోట్ల సున్నం వేలెడు మందాన ఉంది, విరిచి చూస్తే ఏటేటి పొరలు విడివిడిగా కనిపించేవి. అవన్నీ మూటలు కట్టి పారబోసింది. విల్ఫ్ రోజూ ఎదురుగా రోడ్డుకు అవతల నిలబడి చూసేవాడు, దగ్గరికి రాలేదు. ఆఖరి రోజు సాయంత్రం మాత్రం దాటి వచ్చి, "బతికున్నదాని చర్మం ఒలిచావే" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఒకే ఇంట్లో ఉన్నా పని గురించి మళ్ళీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ ఇంటి ఫొటో ఊరి కరపత్రాల మీదికెక్కింది, టీ తువ్వాళ్ళ మీదికెక్కింది. అది చూసి ఒకరి తర్వాత ఒకరు తమ గోడలూ గీకించుకున్నారు. బోర్డు వానకు తడిసి ఊడిపోయింది. చేసిందెవరో తెలిసినవాళ్ళు కొందరు పోయారు, కొందరు వెళ్ళిపోయారు. డెస్ ఒక్కడే మిగిలాడు. వెర్నా ఆ ఏడాది డిసెంబరు నుంచి తన గోడకు సున్నం ఒక్కసారి కూడా మానలేదు. కోల్‌ను ఖననం చేసిన వారంలో కూడా మానలేదు.

నవంబరు సమావేశం ఊరి సభలన్నీ జరిగే ఇన్‌స్టిట్యూట్ హాల్లో జరిగింది. నలభైమంది దాకా వచ్చారు. వేదిక మీద పొడుగుబల్ల, దాని వెనక అయిదుగురు కమిటీవాళ్ళు, మధ్యలో గ్రేమ్. పక్కన నెలకోసారి అడిలైడ్ నుంచి వచ్చే సలహాదారు ఫిలిపా. చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు. వెర్నాకు ఆమె మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది, అది ఇంకా కోపం తెప్పించింది.

"మిసెస్ పాస్కో, మీకు అయిదు నిమిషాలు టైముంది" అన్నాడు గ్రేమ్. బేకరీలో కనిపిస్తే వెర్నా అంటాడు. బల్ల వెనక కూర్చున్నాడు కాబట్టి మిసెస్ పాస్కో అయింది.

వెర్నా సంచిలోంచి మూడు పాత ఫొటోలు తీసి ఇచ్చింది. తాత కాలంనాటివి. ఇళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. ఫిలిపా వాటిని భూతద్దం పెట్టి చూసింది.

"చాలా మంచి ఫొటోలండీ ఇవి" అంది. "కాకపోతే అప్పటి కెమెరాల్లో ఎండ పడితే రాయి కూడా తెల్లగానే వస్తుంది. వీటిని బట్టి సున్నమని గట్టిగా చెప్పలేం."

"ఫొటోలెందుకు, నేను చెప్తున్నాగా. నా చిన్నప్పుడు వీధంతా వేసేవాళ్ళు. పీపాల్లో కొవ్వు కలిపింది నేను."

"మీ జ్ఞాపకాల మీద మాకు గౌరవముంది" అన్నాడు గ్రేమ్. "కానీ జ్ఞాపకాలు రికార్డు కావు కదా. ఫిలిపా, ఒకటో నంబరు గురించి మీ రిపోర్టులో ఉన్నది చదవండి."

ఫిలిపా చదివింది. ఒకటో నంబరు ఇల్లు వీధి మొత్తానికీ కొలమానమట. కట్టిన నాటి నుంచి దాని గోడలను ఎవరూ ముట్టుకోలేదట, అందుకని అసలు రూపం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి దానికి మించిన సాక్ష్యం లేదట. వెనక తెర మీద ఇల్లు కనిపించింది, టీ తువ్వాలు మీద ఉన్నదే.

వెర్నా ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు ఇంకా రెండు మూడు ఉన్నాయి. ఉప్పు గురించి, మెత్తని రాయి గురించి. తెర మీద తన చేతిపని చూస్తూ అవన్నీ మర్చిపోయింది. హాల్లో ఒక మూల డెస్ ఉన్నాడని తెలుసు, అటు చూడలేదు.

"దాన్ని ముట్టుకున్నారు" అంది.

"ఎవరండీ?" అంది ఫిలిపా.

"నేను. ఎనభై ఎనిమిది మార్చిలో. పదకొండు రోజులు ఇసుక యంత్రం పెట్టి కొట్టా. వేలెడు మందం సున్నం ఉంది దాని మీద, నూరేళ్ళది. మూటలు గట్టి గని గోతిలో పోశా. మీరు చూపిస్తున్నారే, కొలమానమని, అది నేను పాడు చేసిన గోడ."

గ్రేమ్ గొంతు సవరించుకున్నాడు. "దీనికేదైనా రికార్డుందా?"

"కాంట్రాక్టు కాగితం మీ కౌన్సిల్ బీరువాలోనే ఏడుస్తుండాలి. వెతుక్కోండి."

"నేను చూశా" అన్నాడు డెస్ వెనక నుంచి. "ఆ పదకొండు రోజులూ నేను మధ్యాహ్నం తిన్న మాంసం పాస్టీ నిండా ఇసుకే. అదైనా రికార్డులో రాసుకోండి."

కొందరు నవ్వారు. ఫిలిపా నవ్వలేదు, ఆమె మొహం పాలిపోయింది. కాగితాలు అటూ ఇటూ తిప్పింది. వెర్నా చెప్పింది నిజమని ఆమెకు అర్థమైపోయిందని చూస్తే తెలుస్తోంది. వెర్నాకు ఒక్క క్షణం గుండె తేలికైంది. సిగ్గు పోతే పోయింది, గోడ దక్కిందనుకుంది.

గ్రేమ్ ఫిలిపా వైపు వంగి ఏదో అన్నాడు. ఆమె బల్ల వైపు చూస్తూ చెప్పింది. "ఇది ముఖ్యమైన సమాచారమే. రిపోర్టులో చేరుస్తాను. అయితే రాతిరూపం వచ్చి కూడా ముప్ఫై అయిదేళ్ళయింది. జనం ఊరిని ఆ రూపంలోనే గుర్తుపడుతున్నారు. అందువల్ల దానికీ ఇప్పుడు సొంతంగా ఒక చారిత్రక విలువ వచ్చిందని చెప్పొచ్చు."

వెర్నాకు ఆ మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక నిప్పులు చెరిగింది.

"అంటే నేను చేసిన పాడుపనికి ముప్ఫై అయిదేళ్ళొచ్చాయి కాబట్టి అది చరిత్ర. మా నాన్నా తాతా నూరేళ్ళు చేసిన పని మరక. ఇదేగా మీరనేది? తప్పు చేశానని మీ ఎదురుగా నిలబడి చెప్తుంటే, ఆ తప్పును గాజుపెట్టెలో పెట్టి కాపాడతామంటారా? డెస్ రోజూ తన ఇంటిని చీపురుతో ఊడ్చి పారబోసుకుంటున్నాడు. గ్రేమ్, మీ వంటింటి గోడ నేను చూశా, చెయ్యి పెడితే లోపలికి పోతోంది. అది కూడా విలువేనా?"

"దయచేసి వ్యక్తిగతంగా మాట్లాడొద్దు" అన్నాడు గ్రేమ్. పది నిమిషాలు విరామమని చెప్పాడు.

కమిటీవాళ్ళు పక్కగదిలోకి వెళ్ళి టీ తాగి, లామింగ్‌టన్ కేకులు తిని, కొబ్బరి తురుము దులుపుకుంటూ వచ్చారు. గ్రేమ్ మొహంలో ఇప్పుడు చల్లదనం ఉంది. నొప్పి లేదు, అయిపోయింది అని రోగికి చెప్పేటప్పుడు ఇలాగే ఉండేవాడేమో.

"మిసెస్ పాస్కో వయసునూ, ఊరితో ఆమెకున్న అనుబంధాన్నీ దృష్టిలో పెట్టుకుని కమిటీ ఒక నిర్ణయానికొచ్చింది. ఆమె జీవించి ఉన్నంతకాలం పదకొండో నంబరుకు మినహాయింపు ఇస్తున్నాం. ఆ తర్వాత ఇల్లు ఎవరి చేతికొచ్చినా వాళ్ళు గోడలను రాతిరూపానికి తేవాలి. ఇక్కడ సంతకం పెడితే సరిపోతుంది."

హాల్లో చప్పట్లు కొట్టారు. మంచివాళ్ళే, నిజంగానే సంతోషపడ్డారు. ముసలావిడకు కావలసింది దొరికిందనుకున్నారు. ఫిలిపా పెన్ను తెచ్చి ఇచ్చింది.

వెర్నా పెన్ను తీసుకోలేదు. "అంటే యంత్రం తెచ్చి వాకిట్లో పెట్టుకుని, నేనెప్పుడు పోతానా అని చూస్తూ కూర్చుంటారన్నమాట."

"అలాంటిదేం కాదు, వెర్నా" అన్నాడు గ్రేమ్. పేరు నోరు జారింది.

"అలాంటిదే. నేను నా కోసం రాలేదిక్కడికి. నాకు డెబ్బై ఒకటి, నేను పోతే ఊరికేం నష్టం లేదు. గోడ కోసం వచ్చా. గోడను నా పాడె మీద కట్టి పంపిస్తామంటే చప్పట్లు కొడుతున్నారు వీళ్ళు." ఆమె ఫొటోలు సంచిలో పెట్టుకుంది. "సంతకం పెట్టలేదని రాసుకోండి. పేరు సరిగ్గా రాయండి, వి. పాస్కో, తాపీమేస్త్రీ."

ఆ తర్వాత వారంలో రెండో ఉత్తరం వచ్చింది. సంతకం లేనందున మినహాయింపు చెల్లదు, అరవై రోజుల గడువు అమల్లోనే ఉంది, దాటితే కౌన్సిలే యంత్రం పంపిస్తుంది. వెర్నా దాన్ని ఒక్కసారే చదివింది. కసాయి దుకాణానికి వెళ్ళి గొర్రె కొవ్వు కొనుక్కొచ్చింది. ఈ రోజుల్లో కొవ్వు దాచేవాళ్ళు ఎవరున్నారు.

డిసెంబరు మొదటి శనివారం తెల్లవారుతూనే తన గోడలు మొదలుపెట్టి పది గంటలకల్లా ముగించింది. ఎండ మండిపోతోంది. డెస్ మోకాలి నొప్పితో పని చేయలేడు, కుర్చీ తెచ్చుకుని నీడలో కూర్చుని తప్పులు పడుతున్నాడు. పీపాలో సగానికి పైగా సున్నం మిగిలి ఉంది.

"ప్రతి ఏడూ లెక్కగా కలుపుతావు, ఈసారి ఇంత మిగిలిందేంటి?" అన్నాడు.

"ఈసారీ లెక్కగానే కలిపా" అంది వెర్నా.

మిగిలిన సున్నాన్ని బకెట్లలో పోసి తోపుడుబండి మీద పెట్టుకుంది. పైన నిచ్చెన అడ్డంగా వేసింది. తొమ్మిది ఇళ్ళు దాటుకుంటూ వీధి మొదటి దాకా తోసుకుపోయింది. ఒకటో నంబరు ముందు అడిలైడ్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు ఫొటోలు దిగుతున్నాయి. పాతకాలం పనులు చేసి చూపించే కార్యక్రమం ఏదో ఉందనుకుని పక్కకు జరిగి చోటిచ్చారు. వెర్నా గోడను నీళ్ళతో తడిపింది. అరచేత్తో తుడిస్తే గుప్పెడు పొడి రాలింది. నిచ్చెనెక్కి కప్పు అంచు దగ్గర మొదలుపెట్టింది.

గ్రేమ్‌కు ఎవరు చెప్పారోగానీ కాళ్ళకు ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"వెర్నా, దిగండి. ఇది కౌన్సిల్ ఆస్తి. దీనికి మీకు అనుమతి ఎవరిచ్చారు?"

ఆమె దిగలేదు, వెనక్కి తిరగనూ లేదు. "ఒలిచేటప్పుడు ఏ కమిటీ అనుమతీ అక్కర్లేకపోయింది గ్రేమ్."

"అది వేరే. నేనిప్పుడు పోలీసును పిలవాల్సొస్తుంది."

"పిలువు. బారీయేగా వచ్చేది. వాళ్ళ నాయనమ్మ ఏడో నంబరులో ఉండేది, డబ్బా నిండా కొవ్వు ఇచ్చేది. వస్తూ వస్తూ ఓ బ్రష్ తెచ్చుకోమను."

గ్రేమ్ ఫోన్ తీసి నంబరు నొక్కాడు. కొవ్వు కలిసిన సున్నం తడిగా ఉన్నంతసేపు తెల్లగా తెలియదు, కింద రాయి కనిపిస్తూనే ఉంటుంది. అతను గోడను చూసి, ఇంకా ఏమీ కాలేదు, నీళ్ళు కొట్టి కడిగేయొచ్చని ఫోనులో చెబుతున్నాడు. పోలీసు కారు మలుపు తిరిగేసరికి ముందుగోడ సగం ఆరి తెల్లబడింది. వెర్నా నిచ్చెన పక్కకు జరిపి రెండో సగం మొదలుపెట్టింది.